మీటరు ధర పక్కన పన్నా కూడా రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రావణమాసం మొదలుకొని బతుకమ్మ, దసరా, దీపావళి, పెళ్ళి ముహూర్తాల దాకా పత్రికలన్నీ బట్టల బజార్ల మీద కథనాలు వేస్తాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఫలానా గుడ్డ మీటరు ఇంత, పాతబస్తీ మదీనా దగ్గర ఇంకో పాతిక తక్కువ, రికాబ్‌గంజ్‌లో తాను, అంటే గుడ్డ చుట్ట, మొత్తం తీసుకుంటే మరీ చౌక అని రాస్తారు. వాటిలో ధర ఉంటుంది, పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఉండదు. దుకాణంలో తానుకు గుచ్చిన అట్టముక్క మీద కూడా ధర ఒక్కటే ఉంటుంది. పన్నా తెలియకుండా మీటరు ధర తెలిసి ఏం లాభం? కొన్న గుడ్డ టైలరు బల్ల మీద పరిచి, 'చేతులకు చాలదమ్మా' అన్నాకే చాలామందికి ఈ లెక్క అర్థమవుతోంది. అప్పటికి ఆ తాను అమ్ముడైపోయి ఉంటుంది. కుట్టుపని చేసే మనిషిగా ఈ విషయం మీ పాఠకుల ముందు, వ్యాపారుల ముందు, అధికారుల ముందు పెట్టదలిచాను.

బజారులో దొరికే గుడ్డ ముఖ్యంగా మూడు పన్నాల్లో వస్తుంది. పాప్లిన్, లైనింగ్, జాకెట్ల టూ బై టూ రుబియా, ఖాదీలో చాలా రకాలు 36 అంగుళాలు. కాటన్ ప్రింట్లు, రేయాన్, జార్జెట్, క్రేప్, పోచంపల్లి ఇక్కత్ గుడ్డ 44 అంగుళాలు, లేదా దానికి కాస్త అటూ ఇటూ. షర్టింగ్, సూటింగ్ ఎక్కువగా 58. ఒక లెక్క చూడండి. 36 పన్నా గుడ్డ మీటరు వంద రూపాయలు, 44 పన్నా 115, 58 పన్నా 140 అనుకుందాం. చూపుకు మొదటిదే చౌక. చదరపు మీటరుకు లెక్క కడితే మొదటిది దాదాపు 109 రూపాయలు, రెండోది 103, మూడోది 95 పడుతుంది. మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కాకు 36 పన్నాలో రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి. 58 పన్నాలో ఒక మీటరూ అరవై సెంటీమీటర్లతో అదే చొక్కా వస్తుంది. వంద రూపాయల గుడ్డతో చొక్కాకు 225 నుంచి 250 అయితే, 140 రూపాయల గుడ్డతో 224కే అయిపోతుంది.

కుర్తీల దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 44 అంగుళాల పొడవు, కింద కొంచెం ఘేరా (అంచు దగ్గర విరివి) ఉన్న కుర్తీకి ముందు భాగం ఒకటి, వెనక భాగం ఒకటి. మడతలు, కుట్లు కలుపుకొని ఒక్కోదానికి 46 అంగుళాల పొడవు పోతుంది, అంటే రెండింటికీ 92 అంగుళాలు. ఘేరా దగ్గర వెడల్పు 26 అంగుళాల దాకా వస్తుంది. 44 పన్నా అయితే పక్కన 18 అంగుళాల పట్టీ మిగులుతుంది, అందులోంచి ముప్పావు చేతులు వచ్చేస్తాయి. రెండున్నర మీటర్లతో పని పూర్తి. అదే 36 పన్నా అయితే పక్కన మిగిలేది పది అంగుళాలే. అందులో చెయ్యి రాదు. చేతుల కోసం విడిగా మరో 20 అంగుళాలు కావాలి, మొత్తం మూడు మీటర్లకు దగ్గరగా పోతుంది. 'కుర్తీకి రెండున్నర' అని బట్టీ పట్టినవాళ్ళు 36 పన్నా గుడ్డ దగ్గర ఓడిపోయేది ఇందుకే. జాకెట్టుకు 80 సెంటీమీటర్లు అన్న మాట కూడా అంతే. పొట్టి చేతులు, ఛాతీ 36 లోపల ఉంటే 36 పన్నాలో అది సరిపోతుంది. మోచేతి చేతులైనా, ఛాతీ 40 దాటినా మీటరు తీసుకోవాలి. ప్యాంటుకు 58 పన్నాలో ఒకటీ ఇరవై నుంచి ఒకటీ ముప్ఫై, నడుము 40 దాటితే ఇంకో పది పదిహేను సెంటీమీటర్లు. పెద్ద పెద్ద పూలు, పెద్ద గళ్ళు, ఒకే వైపుకు తలలున్న నెమళ్ళూ ఏనుగులూ ఉన్న గుడ్డకు, వెల్వెట్‌కు మామూలు లెక్క మీద పావు మీటరు కలపాలి. డిజైను కలవాలన్నా, నూగు ఒకే వైపుకు ఉండాలన్నా ముక్కల్ని తలకిందులు చేసి కోయడానికి వీలుండదు.

చెప్పిన పన్నా ఉన్న పన్నా ఒకటి కాకపోవచ్చు. తాను విప్పించి, కొస దగ్గర కాకుండా మధ్యలో, లాగకుండా టేపు పెట్టి కొలవాలి. రెండు అంచుల్లో మగ్గం పిన్నుల చిల్లులు పడ్డ పట్టీ కోతకు పనికిరాదు. ఒక్కో వైపు అర అంగుళం తీసేస్తే 44 అన్నది 43 అవుతుంది. 58 పన్నా గుడ్డ రెండుగా మడిచి చుట్టి ఉంటుంది కాబట్టి చూడ్డానికి 29 అంగుళాలే కనిపిస్తుంది. దాన్ని చిన్న పన్నా అనుకొని వదిలేసేవాళ్ళూ ఉన్నారు. బజారుకు వెళ్ళేటప్పుడు ఫైబర్‌గ్లాస్ టేపు ఒకటి సంచిలో వేసుకోండి. పాత గుడ్డ టేపు వాడకంలో సాగిపోతుంది, దాని లెక్క నమ్మడానికి లేదు.

పన్నా తరవాత పొడవు. దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం 1956లోనే వచ్చింది, ఇప్పుడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అమల్లో ఉంది. అయినా కొన్ని గల్లీల్లో ఇంకా 'గజం' మాట నోట్లో నలుగుతూనే ఉంది. గజం అంటే 91.44 సెంటీమీటర్లు. మీటరుకు దానికి తేడా ఎనిమిదిన్నర సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. రెండున్నర గజాలకు, రెండున్నర మీటర్లకు తేడా 21 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే కుర్తీ చేతులు పోయినట్టే. గజం ధర చెప్పి మీటరు అనిపించడం చట్టం ఒప్పుకోని పని. కొనేవాళ్ళు 'మీటరు ధరేనా?' అని ఒక్కమాట గట్టిగా అడిగితే ఇది అక్కడికక్కడే ఆగుతుంది.

మీటరుతోనే కొలిచినా తక్కువ రావడానికి దారులున్నాయి. బల్ల అంచున రెండు మేకులు కొట్టి, లేదా పెయింటు గీత గీసి కొలవడం అందులో ఒకటి. అది కొలత సాధనం కాదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కడ్డీతోనే కొలవాలి, ముద్ర గడువు దాటి ఉండకూడదు. ఇంకొకటి, గుడ్డను లాగి కొలవడం. జార్జెట్, క్రేప్, సాగే నిట్ గుడ్డను చేతులతో బిగించి కడ్డీ మీద పెడితే మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉత్తినే పోతాయి. ఇంటికొచ్చాక గుడ్డ తన పొడవుకు తాను తిరిగొస్తుంది. 'బల్ల మీద వదులుగా పరిచి కొలవండి' అని అడగడం కొనేవాళ్ళ హక్కు. మూడోది కోత. పాప్లిన్ లాంటివి చింపితే పేక (అడ్డ) పోగు వెంట తిన్నగా చిరుగుతాయి. కత్తెరతో కోసినవి ఏటవాలుగా పోతే ఒక్కో కొసనా మూడు నాలుగు సెంటీమీటర్లు తీసి పారేయాల్సిందే. కోసిన వెంటనే అంచు అంచు కలిపి మడిచి చూడండి, వంకర అక్కడే కనిపిస్తుంది.

కట్ చేసి కట్టిన డ్రెస్ మెటీరియల్ సెట్లలో టాప్ రెండున్నర, చున్నీ రెండుంపావు ఉంటుందనుకుంటాం. చౌక సెట్లలో టాప్ రెండు మీటర్లకే ఆగిపోతుంది. చీరల్లోనూ అంతే. ఐదున్నర మీటర్ల చీర, 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కలిపి ఆరూ ముప్ఫై రావాలి. జాకెట్టు ముక్క అరవైకి పడిపోయినప్పుడు టైలరు చెయ్యగలిగింది ఏమీ లేదు. ప్యాకెట్టు మీద కొలతలు రాసి ఉంటే చదవండి, లేకపోతే విప్పి కొలిపించండి.

కట్‌పీసులు, మిల్లు బిట్లు కొన్నిచోట్ల కిలోల లెక్కన అమ్ముతారు. దీనికీ ఒక లెక్క ఉంది. చదరపు మీటరుకు 120 గ్రాములు తూగే కాటన్, 44 పన్నాలో మీటరుకు సుమారు 134 గ్రాములు తూగుతుంది. కిలోకు ఏడున్నర మీటర్ల లోపే వస్తుంది. బరువైన గుడ్డ అయితే ఇంకా తక్కువ. కిలో ధరను ఏడుతో భాగించి, తానులోంచి కోయించే గుడ్డ మీటరు ధరతో పోల్చుకుంటే చౌకో కాదో తేలిపోతుంది. గంజి దట్టించిన గుడ్డ బరువు తూగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. రెండు చేతుల మధ్య గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలుతుందా చూడండి. రాలితే, ఒక్క ఉతుకుకు ఆ గుడ్డ జల్లెడలా తేలిపోతుంది.

ఇక నూలు ఏమిటన్నది, అంటే గుడ్డ ఏ రకం పోగుతో నేసిందన్నది. ఈ గల్లీల్లో 'సిల్క్' అన్న మాట ధారాళంగా వాడేస్తున్నారు. ఆర్ట్ సిల్క్ అంటేనే కృత్రిమ పట్టు. సాఫ్ట్ సిల్క్, సెమీ సిల్క్, జ్యూట్ సిల్క్ అని పిలిచేవాటిలో పట్టుపోగు అసలే ఉండకపోవచ్చు. పాలియెస్టర్ కొనడం తప్పేమీ కాదు, పట్టు ధరకు పాలియెస్టర్ కొనడమే నష్టం. పట్టు అని చెప్పి అమ్మితే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004 నుంచి ఉన్న గుర్తు అది, ప్రతి లేబుల్ మీదా విడి నంబరు ఉంటుంది. ఖాదీ అన్న పేరుతో అమ్మాలంటే ఖాదీ మార్క్ ఉండాలి. మిల్లు గుడ్డ అయితే అంచు మీద అచ్చు చదవాలి. ఏ నూలు ఎంత శాతం ఉందో ఉత్పత్తిదారు గుడ్డ మీదే తెలపాలని 1988 నాటి టెక్స్‌టైల్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు చెబుతున్నాయి.

అచ్చు లేని గుడ్డకు పోగు పరీక్ష ఉంది. పడుగు (నిలువు పోగుల్లో)లోంచి ఒకటి, పేకలోంచి ఒకటి విడివిడిగా పోగులు లాగాలి. రెండూ వేరువేరు నూళ్ళు కావచ్చు కాబట్టి ఒక్కటి చూసి తేల్చకూడదు. కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే పట్టు. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద అయితే కాటన్ లేదా రేయాన్. కరిగి గట్టి నల్లపూసలా అయితే పాలియెస్టర్. కాటన్‌కు రేయాన్‌కు నిప్పు తేడా చెప్పదు, నీళ్ళు చెబుతాయి. పోగును తడిపి లాగండి. రేయాన్ తడిస్తే బలహీనపడి తేలిగ్గా తెగుతుంది, కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. అగ్గిపుల్ల పరీక్ష మాత్రం ఇంటి దగ్గరే చెయ్యాలి. చుట్టూ గుడ్డలే వేలాడే ఇరుకు గల్లీలో, మనిషి కదలడానికే చోటు లేనిచోట, అగ్గిపుల్ల గీయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. దుకాణదారును అడిగి నాలుగు పోగులు తెచ్చుకుని చూసుకుని, మర్నాడు కొనండి.

పోచంపల్లి అని చెప్పి ప్రింటు అమ్మడం చేనేత కార్మికుడి పొట్ట కొట్టడమే. ఇదివరకు గుడ్డ తిరగేస్తే తెలిసిపోయేది, ప్రింటు వెనక వైపు వెలిసినట్టుండేది. ఇప్పుడు రెండువైపులా దిగే ప్రింట్లు వచ్చాయి. అందుకని ఒక రంగు పోగు లాగి వెలుతురులో పెట్టి చూడాలి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కనుక పోగు మీద రంగు పొడుగ్గా, తెగకుండా సాగి, తరవాతి రంగులోకి మెల్లగా కలుస్తుంది. ప్రింటులో అడ్డపోగు కప్పిన ప్రతిచోటా రంగు అందక, పోగు మీద తెల్లటి చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఈ ఒక్క పరీక్ష నేర్చుకున్నవాళ్ళను మాటలతో మభ్యపెట్టడం కష్టం.

గుడ్డ ముడుచుకుపోవడం గురించి కొంచెం ఎక్కువే రాయాలి. కుట్టు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అదే. మగ్గం మీదా ఫినిషింగ్‌లోనూ నూలు బిగించి ఉంటుంది, మొదటి నీళ్ళు తగలగానే సడలి తన అసలు పొడవుకు వస్తుంది. చేనేత కాటన్, ఖాదీ, రేయాన్ నూటికి ఐదు నుంచి ఎనిమిది వంతుల దాకా తగ్గొచ్చు. రెండున్నర మీటర్లలో అది 12 నుంచి 20 సెంటీమీటర్లు. అందుకని ఈ రకాలకు పదిహేను ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ కోయించుకోవాలి. కుట్టించే ముందు మడతలు విప్పి, సబ్బు లేకుండా మామూలు నీళ్ళలో మూడు నాలుగు గంటలు నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగా పడుగు వెంట ఇస్త్రీ చేయాలి. పై గుడ్డ ఒక్కటే తడిపితే చాలదు. పై గుడ్డ పాలియెస్టరై, లోపల కాటన్ లైనింగ్ తడపకుండా వేస్తే, మొదటి ఉతుకుకే లైనింగ్ ముడుచుకుని జాకెట్టంతా ముడతలు పడుతుంది. టైలరు పాడుచేశాడంటారు, తప్పు నానబెట్టని లైనింగ్‌ది. చీర ఫాల్ కథ కూడా ఇదే. సింథటిక్ చీరకు కాటన్ ఫాల్ తడపకుండా వేస్తే కింది అంచు గుంజుకుపోయి, కుచ్చిళ్ళు నిలవవు.

రంగు కారుతుందా లేదా అన్నది కొనేటప్పుడే తేల్చుకోవచ్చు. తెల్ల రుమాలు కొస తడిపి గుడ్డ మీద పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకు అంటితే లేతరంగు గుడ్డతో కలిపి కుట్టించవద్దు, తెల్ల లైనింగ్ అసలే వద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే సరిపోతుందని కొందరు దుకాణదారులు చెబుతారు. సరిగ్గా పట్టని రంగును ఉప్పు కట్టేయలేదు. మ్యాచింగ్ విషయంలో ఒక జాగ్రత్త: దుకాణం లోపలి దీపాల కింద ఒకేలా ఉన్న రెండు ఎరుపులు ఎండలో వేరువేరుగా కనిపించడం మామూలే. పత్తర్‌గట్టిలో, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ రాతి కమానుల నీడ చల్లగా బాగుంటుంది గానీ, రంగు చూడ్డానికి పనికిరాదు. చీర, జాకెట్టు గుడ్డ రెండూ పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి పగటి వెలుతురులో కలిపి చూడండి. మ్యాచింగ్ పని ఉన్నరోజు దీపాలు పెట్టాక వెళ్ళకండి. ఉదయం పదకొండు దాటితే దుకాణాలు తెరుచుకుని ఉంటాయి, జనమూ పలచగా ఉంటారు, తాను విప్పి చూపించే ఓపిక అమ్మేవాళ్ళకూ ఉంటుంది.

కోయకముందే తాను వెలుతురుకు ఎత్తి చూడాలి. పోగు తప్పిన గీత, ముడి, నూనె మరక అప్పుడే కనిపిస్తాయి. అంచుకు చిన్న రంగుదారం ముడి వేసి ఉందేమో గమనించండి. తనిఖీలో లోపం దొరికినచోట అలా గుర్తు పెట్టే అలవాటు మిల్లుల్లో ఉంది. ఆ చోటు తప్పించి కోయమనండి, లేదా ధర తగ్గించమనండి.

బేరం సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. హోల్‌సేల్ దుకాణం సెట్టుకో తానుకో చెప్పే ధర ఒక్క ముక్కకు రాదు. నలుగురు బంధువులు కలిసి ఒక తాను తీసుకుని పంచుకుంటేనే ఆ ధర అందుతుంది. బిల్లు మాత్రం వదలొద్దు. 'బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది' అని భయపెట్టేవాళ్ళున్నారు. తానులోంచి కోసిన గుడ్డకు జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పడేది 2,500 రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులకు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును వాపసు తీసుకోననడం రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు కింద అచ్చు వేసినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. బిల్లు మీద గుడ్డ పేరు, పన్నా, మీటర్లు రాయించుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి ఆధారం ఉంటుంది. ఒకటి మాత్రం నిజం. టైలరు కత్తెర పడ్డాక లోపం ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇంటికి రాగానే కొలిచి, వెలుతురులో చూసి, ఆ తరవాతే కుట్టుకు ఇవ్వండి.

నిజాయితీగా అమ్మే దుకాణాలు ఈ బజార్లలో ఎన్నో ఉన్నాయి. పన్నా, నూలు, మీటరు ధర అట్ట మీద రాసిపెడితే వాళ్ళకు పోయేదేమీ లేదు, చిన్న పన్నా చూపించి తక్కువ ధర చెప్పే పోటీ నుంచి వాళ్ళే బయటపడతారు. అందుకని మూడు విన్నపాలు. జనరల్ బజార్, మదీనా, పత్తర్‌గట్టి, సుల్తాన్‌బజార్ వర్తక సంఘాలు తమ సభ్యుల దుకాణాల్లో ఈ మూడు వివరాల అట్ట తప్పనిసరి చేయాలి. విజయవాడ వస్త్రలత, రాజమహేంద్రవరం తాడితోట క్లాత్ మార్కెట్ లాంటి చోట్ల కూడా ఇది కష్టమైన పని కాదు. తూనికలు కొలతల శాఖ దసరాకు నెల ముందే మీటరు కడ్డీలు తనిఖీ చేసి, ప్రతి బజారు మొదట్లో ముద్ర ఉన్న కడ్డీతో ఒక బల్ల వేయిస్తే, కొన్న గుడ్డను ఎవరైనా అక్కడే కొలుచుకుంటారు. మూడోది మీ పత్రికకు. ఈసారి పండుగ కథనంలో ధరలు వేసేటప్పుడు 'కాటన్ ప్రింట్, 44 పన్నా, మీటరు ఇంత' అని వేయండి. పన్నా చెప్పని దుకాణం ధర అసలు వేయకండి.

ఇట్లు,
ఒక టైలర్, హైదరాబాద్